మంచాలొస్తాయి, సిస్టర్లు ఏరీ?

జిల్లా దవాఖానాల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ఎలాన్ చేశారు. మూడేళ్లలో అన్ని జిల్లా దవాఖానాల్లో, మొదటి ఏడాదే 200 చోట్ల అన్నారు. ఖుష్ ఖబర్. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 175 కిలోమీటర్లు. బోధన్ నుంచైతే ఇంకో పాతిక కలుపుకోండి. కీమో కోసం బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ దారిన పోయొచ్చే అమ్మీలకు ఈ మాట జన్నత్ తలుపు తెరిచినట్టే ఉంటుంది. నా సవాల్ ఒక్కటే. కుర్చీలొస్తాయి, మంచాలొస్తాయి, ఏసీలొస్తాయి, రిబ్బన్ కోయడానికి మంత్రిగారూ వస్తారు. ఆ సూది వేసే సిస్టర్ ఎక్కడ్నుంచి వస్తుంది?

"నర్సులు లేరా ఏంటి? ఉన్నవాళ్లనే అక్కడ వేస్తారు" అంటారు అఫ్సర్లు. నా ఫిర్యాదంతా ఈ జవాబు మీదే. వాళ్ల లెక్కలో నర్సు అంటే నర్సే. ఈ నెల కాన్పుల వార్డు, వచ్చే నెల ఎముకల వార్డు, ఆ పై నెల క్యాన్సర్ పిల్లల దగ్గర. రోస్టర్ కాగితం మీద ఖాళీ నిండితే చాలు.

ఆ పిల్లల దగ్గర ఏం పని ఉంటుందో ఒక్కసారి చూద్దాం. లుకేమియా బిడ్డకిచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందుంది. రక్తనాళంలోకి పోవాలి. సూది కాస్త జరిగి మందు బయటికి కారితే చుట్టూ ఉన్న కండ కాలిపోతుంది. అదే మందు పొరపాటున వెన్నులోకి పోతే బిడ్డ దాదాపు దక్కదు. ఆస్పరాజినేస్ ఇచ్చాక కనీసం గంటసేపు బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి, ఎప్పుడు అలర్జీ వస్తుందో తెలీదు. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన బిడ్డకు జ్వరమొస్తే అది మామూలు బుఖార్ కాదు. గంటలోపు యాంటీబయోటిక్ నరంలోకి ఎక్కాలి. ప్లేట్‌లెట్లు పడిపోయిన బిడ్డకు కండకు ఇంజెక్షన్ వేయకూడదు. హీమోఫీలియా బిడ్డకూ వేయకూడదు. ఇవన్నీ డాక్టర్ రాస్తాడు, సరే. రాత్రి రెండింటికి మంచం పక్కన నిలబడేదెవరు?

తలసీమియా సంగతి చూడండి. బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఖూన్ ఎక్కించాలి. ఏడాదికి 13 నుంచి 26 సార్లు, జిందగీ మొత్తం. సంచీ మీద పేరు, నంబరు, గ్రూపు బిడ్డ మంచం దగ్గరే సరిచూడాలి. ఫ్రిజ్ లోంచి తీసిన రక్తం అరగంటలో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. మొదటి 15 నిమిషాలు కదలకుండా కనిపెట్టాలి. చలి వణుకు వచ్చిందా, నడుం నొప్పి అంటున్నాడా, ఒంటి మీద దద్దుర్లు లేచాయా? వస్తే తక్షణం ఆపాలి. ఒక్క సిస్టర్ మీద నలభై మందిని వదిలేసి, ఆ 15 నిమిషాలు ఏ ఖాతాలోంచి తెమ్మంటారు?

ఎక్కించిన ఖూన్‌తో పాటు ఇనుము పేరుకుంటుంది. గుండెలో, జిగర్‌లో చేరి బిడ్డను తినేస్తుంది. దాన్ని బయటికి లాగడానికి డెస్ఫెరాల్ అని ఒక మందు ఉంది. చిన్న పంపుతో పొట్ట చర్మం కింద 8 నుంచి 12 గంటలు, వారంలో కనీసం ఐదు రాత్రులు. ఇప్పుడు డెఫెరాసిరాక్స్ మాత్రలొచ్చాయి, రోజూ తప్పకుండా వేయాలి. ఇదంతా ఇంట్లో చేసేది అమ్మీ. ఆమెకు నేర్పించాల్సింది సిస్టర్. ఏ నెలకా నెల సిస్టర్ మారిపోతుంటే నేర్పేదెవరు, నేర్చుకుందో లేదో అడిగేదెవరు?

బోధన్ ఇళ్లు ఎలాంటివో మీకు తెలుసు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. నెల జీతం పోయిన ఇళ్లల్లో ఇప్పుడు బీడీల చాటలు, ఆటో కిస్తీలు, గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్లు. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు, మంచిదే. కానీ అమ్మీ పోగొట్టుకునే బీడీల కూలీ ఆ కార్డులో రాదు. మిగతా పిల్లలకు అన్నం వండే దాదీ కష్టం రాదు. అందుకే సగంలో ఇలాజ్ మానేసేవాళ్లుంటారు. లుకేమియా ఇలాజ్ రెండు మూడేళ్లు నడుస్తుంది. మధ్యలో ఆపితే జబ్బు తిరిగొస్తుంది. ఫోన్ చేసి "ఆపా, ఈ వారం రాలేదేం?" అని అడిగే సిస్టర్ ఒకరుంటే ఆగే ఇళ్లు తక్కువ.

జుబాన్ సంగతి కూడా మాట్లాడాలి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నేను మొహల్లాలో దవాఖానా కాగితాలు చదివిపెట్టే మనిషినయ్యాను. ఒక ఇంట్లో బిడ్డకు కీమో అయిన వారానికి జ్వరం. అమ్మీ రెండు రోజులు పారాసిటమాల్ వేస్తూ దువా చేస్తూ కూర్చుంది. పెద్ద దవాఖానా ఇచ్చిన కాగితంలో జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా రమ్మని సాఫ్‌గా రాసి ఉంది. అంగ్రేజీలో. అల్లా కరం, ఆ బిడ్డ బతికాడు. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసి 2017 నుంచి జబ్బలు చరుచుకుంటున్నారు. బోర్డుల మీద ఉర్దూ కనబడితే మనం కూడా ఖుష్. మందు కాగితం మీద నాలుగు లైన్ల ఉర్దూ, నాలుగు లైన్ల తెలుగు, సరిహద్దు పల్లెలకు నాలుగు లైన్ల మరాఠీ రాయించలేని హుకూమత్‌కు ఆ బోర్డులెందుకు?

ఇది గరీబ్ మనిషి గొంతెమ్మ కోరిక అనుకోకండి. పిల్లల క్యాన్సర్ మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం సియోప్ వాళ్ల నర్సుల బృందం 2014లో మనలాంటి దేశాల కోసమే కనీస నియమాలు రాసింది. వార్డులో ఐదుగురు పిల్లలకు ఒక నర్సు. చేరినప్పుడు ప్రత్యేక శిక్షణ. నేర్చుకున్న నర్సును వేరే వార్డులకు తిప్పకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఒక లక్ష్యం పెట్టుకుంది, 2030 నాటికి క్యాన్సర్ పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని. దౌలత్ ఉన్న దేశాల్లో ఇప్పటికే 80 శాతం దాటి బతుకుతున్నారు. మందులు చాలావరకు పాతవే, మన హైదరాబాద్‌లో దొరికేవే. వాటిని వేళకు, సరిగా, శుభ్రమైన చేత్తో ఇచ్చే మనుషులు తక్కువ.

ఇక మన బిరాదరీ వైపు తిరుగుతాను. కోపం తెచ్చుకోకండి. నర్సు పనిని "ఖిద్మత్" అని పొగడటం మనకు మహా ఇష్టం. ఖిద్మత్ అన్నామంటే జీతం అడగకూడదు, సెలవు అడగకూడదు, చదువు సంగతి ఎత్తకూడదు. సర్కారుకు అవుట్‌సోర్సింగ్ ఎంత సౌకర్యమో మనకు ఈ మాట అంత సౌకర్యం. పైగా మన బేటీని ఆ కోర్సుకు పంపమంటే "నైట్ డ్యూటీ, రిష్తాలు రావు" అంటాం. మన బిడ్డ మంచాన పడితే మాత్రం పక్కింటివాళ్ల బేటీ రాత్రంతా మేలుకోవాలి!

రుఫైదా అల్ అస్లమియా పేరు ఎంతమంది జుమ్మా బయాన్‌లో విన్నారు? ఖందక్ యుద్ధంలో గాయపడ్డ సాద్ బిన్ ముఆజ్‌ను రసూలుల్లా (స) పంపించింది ఆమె ఖైమాకే. ఆమెకు ఆ ఇల్మ్ ఉంది, ఆ హునర్ ఉంది, అందుకే పంపారు. మరి మనకెందుకు షరమ్?

రంజాన్‌లో జకాత్ తీస్తాం. ఒక బిడ్డ ఫొటో వాట్సాప్‌లో తిరిగితే నోట్లు రాలతాయి, ఫొటో మారితే పాత బిడ్డను మరిచిపోతాం. ఆ జకాత్‌లో ఒక హిస్సా నర్సింగ్ చదివే గరీబ్ ఆడపిల్లల ఫీజుకు పెట్టండి. తరాలు నిలబడుతుంది. నికాహ్‌కు ముందు ఇద్దరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి. ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఖత్రా. ఖాలా కొడుకైనా, మేనమామ బిడ్డైనా, బయటి సంబంధమైనా పరీక్ష పరీక్షే. ఇరాన్ 1997 నుంచి పెళ్లికి ముందు ఇది తప్పనిసరి చేసింది. అక్కడి ఉలమాకు లేని అభ్యంతరం మన ఖాజీ సాబ్‌లకు ఎందుకుండాలి?

"పైసలెక్కడివి?" అని సర్కారు అంటుంది. నేనడిగేవి చూడండి. నిజామాబాద్‌లో క్యాన్సర్, రక్తపు జబ్బుల పిల్లల కోసం వేసే నర్సులను తిప్పకండి. వాళ్లను రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానాకు జీతంతో సహా కొన్ని నెలలు పంపి నేర్పించండి. ఐదుగురికి ఒకరు అన్న లెక్క గోడ మీద రాసిపెట్టండి. రాత్రైనా పగలైనా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. కాగితం అమ్మీ చదివే జుబాన్‌లో ఇవ్వండి. బోధన్ ఏరియా దవాఖానాలో కనీసం ఇద్దరు సిస్టర్లకు జ్వరం వచ్చిన కీమో బిడ్డను ఎలా పట్టాలో నేర్పించండి, నిజామాబాద్ చేరేలోపే మొదటి సూది పడేలా. వీటిలో ఏదీ ఒక స్కానింగ్ మిషన్ అంత ఖరీదు కాదు.

తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్‌ను 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. అంటే ఈ పిల్లలు మన ముందు చేయి చాచడం లేదు, హక్ అడుగుతున్నారు. డే కేర్ సెంటర్ షురూ అయిన రోజున పూలదండలతో పోయే జర్నలిస్టు దోస్తులారా, మంచాలు ఎన్నని అడగకండి. సిస్టర్లు ఎంతమంది, ఎక్కడ నేర్చుకున్నారు, వచ్చే నెల కూడా ఇక్కడే ఉంటారా అని అడగండి. జవాబ్ రాకపోతే ఆ రోజు ఖబర్ అదే.