నెలనెలా మందు మన పీహెచ్‌సీలోనే ఇవ్వాలి



కొన్ని ఇళ్లలో ఒకడుంటాడు. చెనక్కాయలు వొలవమంటే దోసెడు వొలిచి లేచిపోతాడు. సంతకు పంపితే మూడు సరుకుల్లో ఒకటే తెస్తాడు, చిల్లర లెక్క తప్పుతాడు. ఎవరూ లేకున్నా ఎవరికో జవాబు చెబుతుంటాడు. ఇంట్లోవాళ్లు సోమరి అంటారు, ఊళ్లోవాళ్లు గాలి సోకిందంటారు. అది స్కిజోఫ్రీనియా కావచ్చు. లోకంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉన్న జబ్బు ఇది.

ఈ జబ్బున్నవాళ్లను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, తెరమీద ఒక్కో అంకే చూపిస్తూ, రెండంకెల ముందు ఏమొచ్చిందో చెప్పమంటారు పరిశోధకులు. అది గుర్తుంచుకోవాల్సింది నుదుటి వెనకున్న మెదడు భాగం. లెక్క సులువుగా ఉన్నప్పుడు వీళ్లలో ఆ భాగం మామూలువాళ్లకంటే ఎక్కువ పనిచేయడం, కష్టమయ్యేకొద్దీ నిలవలేక తగ్గిపోవడం అనేక పరిశోధనల్లో కనిపించింది. మనం సోమరి అని తిట్టే మనిషి, చిన్న లెక్కకే మనకంటే ఎక్కువ కష్టపడుతున్నాడన్నమాట.

అట్లాగని మేకలమ్మి స్కానింగుకు పరుగెత్తొద్దు. డాక్టరు వేరే అనుమానంతో రాస్తే సరే. ఈ జబ్బును మాత్రం రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడే తేలుస్తారు. మందులు చెవిలో వినబడే మాటలను, అనుమానాలను తగ్గిస్తాయి. మరుపు, లెక్క తప్పడం అంత తొందరగా పోవు. తిట్టకుండా ఒక్కో పనే చెప్పి చేయించుకోవాలి.

ఆ మందుకే అనంతపురం పెద్దాసుపత్రికో బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కో పోవాలంటే ఇద్దరి బస్సు చార్జీలు, ఇద్దరి కూలి. వాన రాని ఏడు ఇంట్లో ముందు ఆగేది ఈ ప్రయాణమే. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు రోగిని కట్టేయడానికి ఇంట్లోవాళ్లు గొలుసు బయటికి తీస్తారు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులుండే పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. కానీ మందు అందని ఇంటికి చట్టం చూపించి ఏం లాభం?

రాయదుర్గం దాటితే బళ్లారి జిల్లా. అక్కడ 1985లోనే నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఊరి దగ్గరే వైద్యం అందించారు. దాన్ని చూసే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బళ్లారిలో అయిన పని మన అనంతపురం జిల్లాలో ఎందుకు కాదు?

ప్రతి పీహెచ్‌సీలో ఈ మాత్రలు, మాత్ర మింగననేవాళ్లకు వారాల తరబడి పనిచేసే సూదిమందు ఉండాలి. నెలకోసారి మానసిక వైద్యుడు మండలానికి రావాలి. మందు తీసుకోని ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లాలి, ఆ పనికి ఆమెకు డబ్బివ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానం చేయించి కలెక్టరుకు పంపండి. ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉంటే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి; రాత్రయినా పగలయినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.