ఆకు పేరు గల విటమిను

కడుపు నిండినంత మాత్రమున దేహమునకు పుష్టి కలుగునా? ఈ ప్రశ్నను విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచదలచితిమి.

కె.సి. కాలువ క్రింద పండు సన్నబియ్యమునకు నంద్యాల సీమ పేరుగాంచినది. ఇచ్చట అన్నమునకు కొదువ లేదు. అయినను ఆళ్లగడ్డ వైపు గ్రామములనుండి ఉదయమే టీతో సరిపెట్టుకొని బస్సెక్కి వచ్చు పిల్లలలో, ముఖ్యముగా బాలికలలో, పాలిపోయిన ముఖములను, మెట్లెక్కగనే కలుగు ఆయాసమును మేము చూచుచున్నాము. ఇండ్లలో దీనిని దిష్టి యనియో, చదువు బడలిక యనియో త్రోసిపుచ్చుదురు. అది రక్తహీనత కావచ్చును. ఇనుము కొరత దానికి ప్రధాన కారణము. ఫోలిక్ ఆమ్లము, బి12 అను విటమినుల లోపమును మరియొక కారణము.

ఇందు ఫోలిక్ ఆమ్లపు చరిత్ర మనకు మిక్కిలి దగ్గరిది. 1928లో బొంబాయికి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించిరి. పేద ముస్లిం స్త్రీల ఆహారమే మిక్కిలి లోపభూయిష్టమనియు, వ్యాధియు వారిలోనే అధికమనియు గమనించిరి. చౌకగా లభించు ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించిరి. అట్టి గుణము గల పదార్థము 1941లో పాలకూరనుండి వేరుచేయబడి, ఆకు అను అర్థము గల లాటిను పదమునుండి తన పేరు పొందినది. 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు మార్గదర్శి, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

"మాంసము తినువారికి లోపమెక్కడిది?" అని మనవారిలో కొందరందురు. మాంసమున ఇనుము, బి12 కలవు, నిజమే. కాని ఫోలిక్ ఆమ్లము కాలేయమున సమృద్ధిగా నుండునే గాని కండయందు స్వల్పము. పైగా పండుగనాటి బిర్యానీ నిత్యభోజనము కాదు. పాలకూర, తోటకూర, మెంతికూర, శనగలు, పెసలు నిత్యము పళ్లెములో నుండవలెను. ఆకుకూరను ఎక్కువ నీటిలో ఉడికించి వార్చినచో ఈ విటమిను చాలవరకు ఆ నీటితోనే పోవును. భోజనముతోపాటు టీ త్రాగినచో ఇనుము సరిగా ఒంటబట్టదు.

గర్భస్థ శిశువు వెన్నుకు ఆధారమగు నాళము తొలి నాలుగు వారములలోనే మూసుకొనును. తాను గర్భవతినని స్త్రీ గుర్తించుటకు ముందే ఆ గడువు తీరిపోవచ్చును. కావున పెండ్లి తరువాత చూచుకొందమనుట తగదు. అంతేగాక, బాలిక రేపటి తల్లి యగుటవలననే గాదు, నేటి విద్యార్థిని యగుటవలనను ఆమె ఆరోగ్యము విలువైనది.

10 నుండి 19 ఏండ్ల వయస్సువారికి వారమునకొక ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిచ్చు ప్రభుత్వ పథకము 2013లో ఆరంభమైనది. ఆ వయస్సువారు మన తరగతులలోను కలరు. కమిటీ పెద్దలు ఆరోగ్య శాఖ నర్థించి ఆ మాత్రలను ఇచ్చటికి రప్పింపవలెను. ఏటేట రక్తపరీక్ష జరిపింపవలెను. ఫలితమును బట్టి వైద్యుని సలహా ఇప్పింపవలెను. వార్షికోత్సవమునకు వెచ్చించు ధనములో కొంత దీనికి కేటాయించుట న్యాయమని మా అభిప్రాయము. ఇక విద్యార్థులారా, ఇంట పళ్లెములో ఆకుకూర కనబడినప్పుడు ప్రక్కకు నెట్టకుడు.