వినిపించదగిన కథల పుస్తకం

పంచతంత్రంలో జంతువులు ఒకదానికొకటి కథలు చెప్పుకుంటాయి. ఒక పాత్ర మాటల సందర్భంలో ఏదో ఒక నీతిని సూచించి ఊరుకుంటుంది. వింటున్న పాత్ర అదెట్లా జరిగిందని అడుగుతుంది. ఆ ప్రశ్న పుట్టిన తరువాతనే కథ ఆరంభమవుతుంది. వినేవారి కుతూహలమే కథకు ప్రాణమని ఆ గ్రంథకర్తకు బాగా తెలుసు. మహిలారోప్య నగరాన్ని ఏలిన అమరశక్తి కుమారులు ముగ్గురూ చదువుకు విముఖులు కాగా, వృద్ధుడైన విష్ణుశర్మ వారికి శాస్త్రాలను వల్లెవేయించలేదు. ఐదు తంత్రాలుగా కథలు కూర్చి ఆరు నెలలలో వారిని నీతికోవిదులను చేశాడని కథాముఖం చెబుతుంది. చిన్నపిల్లలకు చదివి వినిపించడానికి ఏ కథల పుస్తకాన్ని ఎంచుకోవాలి అనే ప్రశ్నకు సమాధానం వెదికేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రశ్న కేవలం తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో సంబంధించినది కాదు. హైదరాబాదు-బెంగుళూరు జాతీయ రహదారిపై ఉన్న కొత్తకోట 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఇప్పుడు వనపర్తి జిల్లాలోనిది. పాలమూరు పేరు చెప్పగానే కరువు, వలస గుర్తుకు వచ్చిన కాలం ఒకటుంది. తల్లిదండ్రులు దూరదేశాలకు కూలిపనికి వెళ్ళగా, ఎందరో పిల్లలు అవ్వతాతల దగ్గర పెరిగారు. ఆ అవ్వల నోట కథలు ఉండేవి, ఇంట్లో పుస్తకాలు ఉండేవి కావు. నేటికీ ఈ ప్రాంతంలోని అనేక కుటుంబాలలో పుస్తకాన్ని ధారాళంగా చదవగలిగిన మొదటి వ్యక్తి కళాశాలకు వెళుతున్న అన్నో, అక్కో అవుతున్నారు. కాబట్టి తమ్ముడికి, చెల్లెలికి, పక్కింటి పసివాడికి కథ చదివి వినిపించే బాధ్యత మీదే. పుస్తకాన్ని ఎంచుకునే బాధ్యత కూడా మీదే.

నా అభిప్రాయంలో ఆ ఎంపిక పంచతంత్రంతో మొదలుకావాలి. అయితే పంచతంత్రం అనే పేరున్న ప్రతి పుస్తకమూ పిల్లలకు తగినది కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక మిత్రలాభ, మిత్రభేదాలను తెలుగు వచనంలో నిలిపిన ఉత్తమ గ్రంథం. తెలుగు గద్యానికి అది ఒరవడి దిద్దింది. ప్రాచీన సాహిత్యాభిమానులు సహజంగానే దానిని సూచిస్తారు. ఆ గ్రంథం పట్ల నాకెంతో గౌరవం ఉన్నప్పటికీ, ఆ సూచనతో ఏకీభవించలేను. అది భాషను అభ్యసించే విద్యార్థుల కోసం రాసినది. ఆరేళ్ళ బిడ్డ చెవి కోసం రాసినది కాదు. సంధులు విడదీసి, సమాసాలకు అర్థం చెబుతూ చదివితే కథ అడుగడుగునా ఆగిపోతుంది. పావురాలు వలతో సహా ఆకాశానికి ఎగిరిన క్షణంలో పదాలకు అర్థాలు చెప్పడం కోసం కథను నేలకు దించకూడదు.

ప్రాచీనమైనదంతా బాలలకు తగినదని భావించడం కూడా పొరపాటే. పంచతంత్రం రాజనీతి నేర్పడానికి పుట్టిన గ్రంథం. అందులో దాంపత్య ద్రోహాన్ని గురించిన కథలున్నాయి. స్త్రీలను తక్కువ చేసి చూపే కథలూ ఉన్నాయి. శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాలు మన సాహిత్యానికి అలంకారాలే గాని, వాటి వస్తువు పెద్దల కోసం ఉద్దేశించినది. పసిపిల్లల కోసం కథలను ఏరి కూర్చడం తప్పనిసరి. ఏరినది ఎవరు, దేనిని ఉంచారు, దేనిని విడిచారు అని చూడటమే మన పని.

కథను ఏరుకోవడం వేరు, కథను మార్చడం వేరు. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో తమ కథా సంపుటి తొలిభాగాన్ని ప్రకటించారు. 1857లో వచ్చిన ఏడవ ముద్రణ వరకు ఆ కథలను దిద్దుతూనే వచ్చారు. తొలి ముద్రణలో బిడ్డలకు కీడు తలపెట్టిన కన్నతల్లి, తరువాతి ముద్రణలలో కొన్ని కథలలో సవతితల్లిగా మారింది. కథలోని భయం అట్లాగే మిగిలింది. నింద మాత్రం ఒకరి మీది నుండి మరొకరి మీదికి మారింది. పిల్లల కోసమని చేసే మార్పులు ఎప్పుడూ అమాయకమైనవి కావని దీనివలన తెలుస్తుంది.

మన ముంగిస కథనే చూడండి. ఉయ్యాలలోని బిడ్డను పాము నుండి కాపాడిన ముంగిస నెత్తుటి మూతితో తల్లికి ఎదురువస్తుంది. తన బిడ్డనే చంపిందని భ్రమించి ఆమె దానిని చంపుతుంది. లోపలికి వెళ్ళి చూస్తే బిడ్డ క్షేమంగా ఉంటాడు. ఈ కథలో ముంగిసను బతికిస్తే ఆ తల్లి తొందరపాటుకు బరువే ఉండదు. నాలుగేళ్ళ బిడ్డకు ఇది కఠినమనిపిస్తే ఇప్పుడు చదవకండి, ఎనిమిదేళ్ళు వచ్చిన తరువాత చదవండి. కథ కోసం వేచి ఉండటంలో నష్టం లేదు, ముగింపును మార్చడంలోనే నష్టం ఉంది.

ఈ కథలు పిల్లలకు జిత్తులమారితనం నేర్పుతాయని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. నక్కలు దమనక కరటకులు చేసిన పని మంచిది కాదు. కాని కుందేలు సింహాన్ని బావి దగ్గరకు తీసుకొనిపోయినప్పుడు తెలివి బలహీనుడి పక్షాన నిలుస్తుంది. వలలో చిక్కిన పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరితే బోయవాడు నిస్సహాయుడవుతాడు. ఎలుక హిరణ్యకుడు తాళ్ళు కొరకడానికి వచ్చినప్పుడు, ముందు నా వారిని విడిపించు అని కోరతాడు పావురాల రాజు చిత్రగ్రీవుడు. కలిమి లేని ఇంట, కండబలం లేని వయసులో ఉన్న బిడ్డకు ఇంతకంటే ధైర్యమిచ్చే కథలు ఏమున్నాయి?

మంచి పుస్తకాన్ని గుర్తించడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. గ్రంథాలయంలోనో, పుస్తకాల దుకాణంలోనో ఒక కథలోని ఒక పుటను పైకి చదవండి. వాక్యం పూర్తికాకముందే ఊపిరి ఆగిపోతున్నదా? పాత్రల సంభాషణలు నోట సహజంగా పలుకుతున్నాయా? హిరణ్యకుడు, లఘుపతనకుడు, మంథరకుడు అనే పేర్లను ఉంచారా, లేక ఎలుక, కాకి, తాబేలు అని సరిపెట్టారా? పెద్ద పేర్లకు పిల్లలు భయపడరు, వాటిని పదేపదే పలికి ఆనందిస్తారు. రంగుల బొమ్మలు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, చెవికి ఇంపుగా లేని పుస్తకం వినిపించడానికి పనికిరాదు.

కథ చివర నీతివాక్యాన్ని గళ్ళలో అచ్చువేసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ గళ్ళను చదవనవసరం లేదు. 1947 జూలైలో ఆరంభమైన చందమామ, ఈ శతాబ్ది రెండవ దశకంలో ఆగిపోయేవరకు, ఎన్నో తరాలను కథాలోకంలో విహరింపజేసింది. అందులోని బేతాళ కథలు అంతగా నిలిచిపోవడానికి కారణం వాటి చివర ఉన్న ప్రశ్నే. విక్రమార్కుడు సమాధానం చెప్పేలోగా చదువరి కూడా తన సమాధానాన్ని వెదుక్కునేవాడు. పంచతంత్రం తరువాత, తొమ్మిది పదేళ్ళ వయసులో, పిల్లలకు అటువంటి కథలు వినిపించాలి. నాలుగైదేళ్ళ వారికి మాత్రం ఒక మాటకు మరొక మాట గొలుసులా తగులుకునే ఏడు చేపల కథ వంటివే తగినవి.

చివరగా భాషను గురించి ఒక మాట. పుస్తకంలో “ఎక్కడికి పోతున్నావు?” అని ఉంటుంది. మన ఇంట్లో “యాడికి పోతున్నవు?” అంటారు. పుస్తకంలోని భాష వేరెవరిదో, తన ఇంటి మాట తక్కువదో అనే భావన బిడ్డ మనసులో పడితే, ఆ బిడ్డ పుస్తకానికి దూరమవుతుంది. కాబట్టి కథను మొదట పుస్తకంలో ఉన్నట్లే చదవండి. మరునాడు అదే కథను ఇంటి మాటలో చెప్పండి, లేదా బిడ్డ చేతనే చెప్పించండి. పక్కన కూర్చున్న అవ్వ ఈ కథ మేము వేరే తీరుగా విన్నామని అంటే, పుస్తకం మూసి ఆమె కథ వినండి. చదివి వినిపించడం అవ్వ కథను తొలగించడానికి కాదు, దానికి తోడుగా నిలవడానికి.

నేడు సెల్‌ఫోనులో మీట నొక్కితే కథలు బొమ్మలతో సహా ప్రత్యక్షమవుతాయి. కాని బిడ్డ ఎందుకని అడిగినప్పుడు ఆ కథ ఆగదు. బిడ్డ భయపడినప్పుడు దగ్గరకు తీసుకోదు. చదివి వినిపించే మనిషికి మాత్రమే అది సాధ్యం. ఒక రాత్రికి ఒక కథ చాలు. అందుకు పది నిమిషాలు పడుతుంది. ఇంట్లో చదవగలిగిన మొదటి వ్యక్తి మీరైతే, ఆ పది నిమిషాలు ఇవ్వగలిగినది కూడా మీరే. పుస్తకం ఎంచుకోండి, గొంతు విప్పి చదవండి, ఎదుట కూర్చున్న చిన్నవారు “అదెట్లా?” అని అడిగేదాకా చదవండి.