చెట్టూ చేమా: పాత అడవికి సాక్షులు

పెద్ద చెట్లు కనబడితే చాలు, అది పాత అడవి అనుకుంటాము. చెన్నపట్నంలో ఆ లెక్క తప్పుతుంది. మన వీధులకు నీడనిచ్చే నిద్రగన్నేరు అమెరికా ఖండం నుండి, ఎర్రతురాయి మడగాస్కరు నుండి వచ్చినవి. నాటిన కొన్నేండ్లకే అవి గొడుగులు పడతాయి. 2016 డిసెంబరులో వచ్చిన వర్దా తుపానుకు అటువంటివి ఎన్నో కూలిపోయాయి.

ఇంగ్లండులో 1600 నాటికే ఉన్న వనాన్ని ప్రాచీన వనమంటారు. నీలిపూల బ్లూబెల్ మొక్కలు గుంపులుగా పూస్తే అది పాతవనమని అక్కడివారు ఊహిస్తారు. ఆ మొక్క కొత్తచోటికి చాలా మెల్లగా పాకుతుంది గనుక.

మన తీరానికీ అట్టి సాక్షులున్నాయి. ఈ తీరపు సహజమైన అడవి పొట్టిది, దట్టమైనది, ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. వాన ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకే. తక్కిన నెలల ఎండకు తాళేందుకు దాని ఆకులు మందంగా, నున్నగా ఉంటాయి. అల్లి, పాల అనే చెట్లు ఇందులో ముఖ్యమైనవి. యానాదులు తరతరాలుగా ఎరిగిన శ్రీహరికోట అడవి ఈ జాతిదే. 1971లో అక్కడ రాకెట్ల ప్రయోగం ప్రారంభమైనది. కేంద్రం చుట్టూ ఖాళీగా ఉంచిన నేలలో అడవి చాలవరకు నిలిచింది. పుదుచ్చేరి దగ్గర పుత్తుపట్టులో అయ్యనారు కోవెల తోపును భక్తి కాపాడింది.

అడవిలో పెరిగిన ప్రతి మొక్కా సాక్ష్యం చెప్పదు. కలివి పాడుబడిన నేలలో కూడ పొదకడుతుంది. అల్లి అట్లా కాదు. దాని పెరుగుదల నిదానం. దాని విత్తు ఎండిందంటే మొలిచే శక్తి పోతుంది. కొమ్మలు నరికితే మోడు చిగురిస్తుంది. వేళ్లతో పెకలిస్తే ఆ చోటికి సర్కారుతుమ్మ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ అల్లి రావాలంటే దగ్గరలో తల్లిచెట్టు ఉండాలి, పండు తిని విత్తు మోసే పిట్ట ఉండాలి.

మన ఊళ్లో గిండీ వనం మిగిలింది. 1959లో దానినుండి కొంత ఐ.ఐ.టి.కి ఇచ్చారు. 1978లో సుమారు 270 హెక్టార్లు జాతీయవనమైనది. గొలుగు, అడవినిమ్మ పొదలు అక్కడ నేటికీ ఉన్నాయి.

కోవెల ఆవరణలోనో, కాలనీ చివరనో తుప్పలు కొట్టించి మొక్కలు నాటుదామని మన పెద్దలు తలపెట్టినప్పుడు, ముందు ఆ తుప్పలేమిటో తెలిసినవారికి చూపించమని మా మనవి. నాటడానికి ఒక పూట చాలు. అల్లిపొద మళ్లీ రావడానికి మన మనుమల కాలం కూడ చాలకపోవచ్చు.