సీరియల్ నెంబరు చూసి జాతకం చెప్పేవాళ్ళు

పాత బాయొనెట్లు (అదే, తుపాకీ చివర తగిలించే కత్తులు) కొనే పిచ్చి మన ఐటీవాళ్ళలో కూడా కొందరికి పట్టింది. పట్టనివ్వండి, డబ్బులు వాళ్ళవి. నా గొడవల్లా ఒక్కటే. కత్తి చేతికి రాగానే "సీరియల్ నెంబరు ఇదీ, ఏ సంవత్సరందో చెప్పండి" అని అడగడం, ఎవరో ఒక మహానుభావుడు ఠకీమని "1916" అనెయ్యడం! చిలక జోస్యం ఇంతకంటే నయం, అక్కడ చిలక కనీసం ఓ కార్డయినా బయటికి లాగుతుంది.

పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టేవాళ్ళు కూడా దీన్ని నమ్మడం నాకు మింగుడుపడదు. సీరియల్ నెంబరనగానే 1తో మొదలై ఆగకుండా పెరిగిపోయే ఆటో ఇంక్రిమెంటు అనుకుంటాం. కానీ చాలా బాయొనెట్ల మీద అది ప్రైమరీ కీ కాదండీ బాబూ, ఫారిన్ కీ! ఫ్రెంచివాళ్ళ 1866 షాస్‌పో, 1874 గ్రా కత్తులే తీసుకోండి. పిడి దగ్గర అడ్డపట్టీ మీద ఉండే నెంబరు ఆ కత్తి ఏ తుపాకీకి జతో చెప్పడానికి వేసింది. తారీఖు కావాలంటే కత్తిని కాస్త తిప్పి వీపు చూడాలి. ఆయుధశాల పేరు, సంవత్సరం, చాలావాటికి నెలతో సహా, గొలుసుకట్టు రాతలో చెక్కి ఉంటాయి. అంత పెద్ద రాత వదిలేసి నెంబరు పట్టుకుని వేళ్ళాడితే ఏం చెప్పను? రష్యన్ మోసిన్ నాగాంత్ బాయొనెట్లది ఇంకో తమాషా. యుద్ధం అయ్యాక సోవియట్ డిపోల్లో బాగుచేసినప్పుడు, కొత్తగా ఏ తుపాకీకి జత కుదిరితే ఆ తుపాకీ నెంబరు దాని మీద వేశారు. ఆ నెంబరుతో కత్తి వయసు ఎలా తేలుస్తారో వాళ్ళకే తెలియాలి.

ఇక జర్మన్లు. 1930ల్లో, 40ల్లో చేసిన 84/98 కత్తులకి ఒక్కో కార్ఖానా ఏటా మళ్ళీ 1 నుంచి మొదలుపెట్టేది. పదివేల దగ్గరికి రాగానే పక్కన 'ఎ' తగిలించి మళ్ళీ 1, ఆ తర్వాత 'బి'. అంటే ఒకే నెంబరు, ఒకే అక్షరం ఉన్న కత్తులు వేరే వేరే కార్ఖానాలవి, వేరే వేరే సంవత్సరాలవి బోలెడు ఉండొచ్చు. కార్ఖానా, సంవత్సరం, నెంబరు, అక్షరం.. నాలుగూ కలిస్తేగానీ కీ అవదు. నాలుగింట్లో సంవత్సరం ముందే ఉండాలని గమనించారుగా? సంవత్సరం తెలుసుకోవడానికి సంవత్సరం కావాలన్నమాట :)

అన్నీ ఇలాగే అనను. అమెరికన్ 1905 మోడల్‌కి స్ప్రింగ్‌ఫీల్డ్, రాక్ ఐలండ్ ఆయుధశాలలు రెండూ వేరువేరుగా వరస నెంబర్లు వేశాయి, వాటికి పట్టికలు పనికొస్తాయి. కాకపోతే ఓ వైపు నెంబరుంటే రెండో వైపు సంవత్సరం శుభ్రంగా కొట్టే ఉంటుంది! రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో మళ్ళీ చేసినప్పుడు సంవత్సరం ఉంచి నెంబరు తీసేశారు. నెంబరు నిజంగా అవసరమయ్యేది జపాన్ టైప్ 30 లాంటివాటికి. 1897లో వచ్చింది, 1945 దాకా చేశారు, తారీఖు ఎక్కడా ఉండదు. అయితే అక్కడ కూడా ఆయుధశాల గుర్తు, అడ్డపట్టీకి కొక్కెం ఉందా లేదా, పిడికి మరలా రివెట్లా.. ఇవన్నీ చూశాకే నెంబరు.

బ్రిటిష్ కత్తుల దగ్గర జరిగే అన్యాయం చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. బ్లేడు మొదట్లో కిరీటం, జి.ఆర్., దాని కింద 1907. అమ్మేవాడు "1907లో తయారైంది" అంటాడు, రేటు పెంచుతాడు. అయ్యా, అది మోడల్ పేరు! కింద చిన్నగా '9 17' అని ఉందే, అది తయారైన నెలా సంవత్సరమూ, 1917 సెప్టెంబరు. 1913 అని ఉన్నవీ అంతే, రెమింగ్టన్ వాళ్ళు అమెరికాలో 1916లో చేసినా 1913 అనే కొట్టారు. ఇంకా విడిగా '24, '25 అని కనిపిస్తే అవి బాగుచేసి మళ్ళీ సైన్యానికిచ్చిన సంవత్సరాలు. పిడి చివర ఉండే అంకెని సీరియల్ నెంబరనుకుంటారు గానీ చాలాసార్లు అది పటాలం వాళ్ళు వేసుకున్న నెంబరు. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో చేసినవాటి మీద ఆర్.ఎఫ్.ఐ., 42, 43 లాంటి రెండంకెలు ఉంటాయి. వాటిని కూడా వదిలేసి నెంబరే చూస్తారు!

డబ్బు పోతే పోయింది. ఆ నెంబరు సరిగ్గా కనపడటం లేదని ఉప్పుకాగితం తీసుకుని బరబరా రుద్దేవాళ్ళున్నారే, వాళ్ళనేమనాలి? మొదటి ప్రపంచ యుద్ధంలో 10 లక్షలమందికి పైగా మన సైనికులు సముద్రం దాటి వెళ్ళారు. ఏ కత్తి ఏ పటాలం చేతిలో ఉందో చెప్పేవి పిడి మీద మిగిలిన ఆ నాలుగు పొడి అక్షరాలే. సర్వర్లో లాగ్ ఫైలు ఎవడైనా డిలీట్ చేస్తే ఇల్లు పీకి పందిరేస్తాం కదా, ఇక్కడ బ్యాకప్ కూడా లేదు మరి. గల్లిపోలిలో (1915) వాడిన కత్తి అని సర్టిఫికెట్టు రాసిచ్చి అమ్ముతారు, తీరా తిప్పి చూస్తే 1917 కనిపిస్తుంది. ఆ 1917 కూడా రుద్దేస్తే ఇంక అబద్ధం అని ఎలా పట్టుకుంటారు?

నెంబరుతో తారీఖు చెప్పే మహానుభావులకి ఓ చిన్న పని. 84/98 కత్తి, నెంబరు 4512 బి. ఏ సంవత్సరం? కార్ఖానా పేరు అడగకూడదు, వీపు ఫొటో అడగకూడదు సుమా!