విరిగిన మణికట్టుకు చప్పట్లెందుకు?

2023లో ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్. మధ్యప్రదేశ్ బౌలర్ అవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం బ్యాటర్ అయిన విహారి, దెబ్బ తగిలిన చేతిని కాపాడుకోవడానికి ఎడమచేతి వాటంగా నిలబడి, ఒంటిచేత్తో రెండు ఇన్నింగ్స్‌లోనూ ఆడాడు. దేశమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆంధ్ర మాత్రం 5 వికెట్ల తేడాతో ఓడిపోయింది.

విహారి తెగువను నేను శంకించను. నా అభ్యంతరమంతా ఆ చప్పట్ల మీదే. గాయంతో ఆడేవాడే అసలైన ఆటగాడు, పక్కకు తప్పుకున్నవాడు పిరికివాడు అనే మాట మన మైదానాల్లో వేదవాక్కులా చలామణి అవుతోంది. అది తప్పు, పిల్లల కాళ్లూ చేతులూ తీసే తప్పు.

2002లో ఆంటిగ్వాలో దవడ పగిలిన స్పిన్నర్ కుంబ్లే కట్టు కట్టుకొచ్చి వరుసగా 14 ఓవర్లు వేయడం అందరికీ గుర్తే. ఆ వెంటనే శస్త్రచికిత్స కోసం ఇంటికి తిరిగి వచ్చాడన్నది గుర్తున్నవారు తక్కువ. 2021లో సిడ్నీలో తొడకండరం చిట్లినా విహారి 161 బంతులు ఎదుర్కొని టెస్టును కాపాడాడు. ఆ తర్వాత బ్రిస్బేన్ టెస్టుకే కాదు, స్వదేశంలో ఇంగ్లండ్ సిరీస్‌కూ దూరమయ్యాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాలి నొప్పితోనే బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచిన సింధు, పాదంలో ఎముక చిట్లడంతో అదే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లలేకపోయింది, మరుసటి జనవరి దాకా మళ్లీ కోర్టులో కనిపించలేదు. మనం మొదటి సగం కథే చెప్పుకుంటాం.

వీళ్లకైనా ఫిజియో ఉన్నాడు, స్కానింగ్ ఉంది, బోర్డు ఉంది. ఊళ్లో కబడ్డీ ఆడే పదోతరగతి అమ్మాయి సంగతి చూడండి. రెయిడ్‌కు వెళ్లి తిరిగే లోపు మోకాలు మెలిక పడింది, లోపల టప్‌మన్న చప్పుడు. పీఈటీ సార్ స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, 'ఓర్చుకోమ్మా, సెమీస్' అంటారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకూ ఎవరూ నేర్పలేదు. ఇంట్లో నూనె రాసి గట్టిగా మర్దన చేస్తారు. వాచిన కీలుకు అది మరింత చేటు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగుందంటారు. అదే అసలు ప్రమాదం. తెగినది మోకాలి లోపలి లిగమెంట్, ఏసీఎల్. అది ఎక్స్‌రేలో కనిపించదు. అనుభవమున్న వైద్యుడు చేత్తో పరీక్షించాలి, లేదా ఎమ్మారై తీయాలి. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు నమ్మకం ఎంతున్నా, పూర్తిగా తెగిన ఏసీఎల్‌ను ఏ కట్టూ అతికించలేదు. మూడు వారాల్లో వాపు తగ్గుతుంది, తగ్గిపోయిందనుకుని అమ్మాయి మళ్లీ కోర్టులో దిగుతుంది, మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ లోపలి మృదులాస్థి, మెనిస్కస్, నలిగి చిరుగుతుంది. మొదట్లో ఒక గాయం, ఏడాదికి మూడు.

శస్త్రచికిత్సతోనూ పని పూర్తికాదు. కొత్తగా అమర్చిన లిగమెంట్ గట్టిపడాలి, తొడకండరానికి బలం తిరిగి రావాలి. మళ్లీ పోటీలో దిగడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగాలన్నది నేటి వైద్యం చెప్పే మాట. ఆ తొమ్మిది నెలలలోపు ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2016 నాటి ఒక అధ్యయనం తేల్చింది. మన పిల్లలకు ఆ నెలలెవరిస్తారు? ఒక్క జిల్లా మీట్ తప్పితే సర్టిఫికెట్ పోతుంది, దాంతో స్పోర్ట్స్ కోటా ఆశా పోతుంది.

నొప్పి లేకుండా ఆట ఎక్కడిది అంటారు. నిజమే, సాధన చేసిన ఒంటికి నొప్పులు పుడతాయి. రెండు రోజుల్లో పోయే ఆ కండరాల నొప్పి వేరు. కీలు వాచడం, మోకాలు జారడం, ఒకేచోట ఎముక మీద నొక్కితే ప్రాణం పోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అజ్ఞానం. బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. పలు శస్త్రచికిత్సల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ గెలుపును కేవలం పట్టుదల కథగా చెబుతారు. వైద్యమూ, ఏళ్ల తరబడి వ్యాయామమూ లేకుండా ఏ పట్టుదల ఆ మోకాలిని నిలబెట్టేది?

ఇండోర్ సంగతికే వద్దాం. ఆనాడు చెయ్యి విరిగినవాడి బదులు మరొకరిని బ్యాటింగ్‌కు దింపే వీలే లేదు. విహారి ఆగితే జట్టు పది మందితో ఆడాలి. ఆ నియమపు లోటును ఒక మనిషి విరిగిన చేత్తో పూడ్చాడు, మనం దానికి వీరత్వమని పేరు పెట్టాం. 2025 జులైలో మాంచెస్టర్‌లో భారత బ్యాటర్ పంత్ విరిగిన పాదంతో కుంటుతూ ఆడాకగానీ దేశవాళీ మల్టీడే మ్యాచ్‌లలో తీవ్రంగా గాయపడినవారికి బదులు ఆటగాడిని అనుమతించే నిబంధన రాలేదు. తలకు దెబ్బ తగిలితే బదులు ఆటగాడిని తీసుకోవచ్చని ఐసీసీ 2019లోనే ఒప్పుకుంది. మెదడుకు వర్తించిన న్యాయం మణికట్టుకు అందడానికి ఆరేళ్లు పట్టింది.

స్కూల్ గేమ్స్ నిర్వాహకులను, రెండు తెలుగు రాష్ట్రాల క్రీడాశాఖలను నేను అడిగేది ఇది. ప్రతి జిల్లా మీట్‌లో కోచ్ మాటకు తలవంచనక్కరలేని ఒక వైద్యుడో ఫిజియోథెరపిస్టో ఉండాలి. దిగొద్దని ఆయన అంటే అదే చివరి మాట కావాలి. గాయపడి తప్పుకున్న పిల్లకు మరుసటి సెలక్షన్‌లో అవకాశం ఉంటుందని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. పీఈటీలకు ఏటా ఒక్కరోజైనా గాయాలపై శిక్షణ ఇప్పించాలి. తల్లిదండ్రులారా, మీ అమ్మాయి మోకాలు వాచి ఉండగా ఫైనల్ ఆడించమని ఎవరడిగినా, వద్దని చెప్పి ఇంటికి తీసుకురండి.