పంచె కట్టుకొని రమ్మన్నారు

మా విశ్వవిద్యాలయంలో ఒక డిజైన్ క్లబ్బు ఉంది. విద్యార్థులే నడుపుతారు. ఏటా చలికాలంలో మూడు రోజులు హస్తకళల ప్రదర్శన పెడతారు. నిరుడు ఆ ప్రదర్శనకు మా పెద్దనాయినను తీసుకెళ్లింది నేనే. కాబట్టి ఈ వ్యాసంలో నేను తప్పుపట్టే వాళ్లలో నేనూ ఉన్నాను.

తోలు పని మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. క్లబ్బు వాళ్లకు ఆ సంగతి తెలుసు. "మీ ఇంట్లో ఆ క్రాఫ్ట్ ఇంకా చేస్తారట కదా అక్కా, లైవ్ డెమో ఇప్పిద్దాం" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి పిల్లాడే. డిగ్రీలో చేరినప్పుడు తండ్రి వృత్తి అన్న చోట 'వ్యవసాయం' అని రాసిన మనిషిని నేను. మాకు గుంట భూమి లేదు. అలాంటి నన్ను యూనివర్సిటీయే పిలిచి మీ ఇంటి పని చూపించమంటే గర్వం అనిపించింది. వెంటనే ఊరికి ఫోన్ చేశాను.

పెద్దనాయిన చెప్పులు కుడతాడు, డప్పుకు తోలు బిగిస్తాడు. బస్సు దిగేసరికి ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. బిడ్డ చదువుకునే చోటికి వస్తున్నాడు మరి. ముందు రోజు రాత్రి నాకో మెసేజ్ వచ్చింది. ట్రెడిషనల్ అటైర్‌లో వస్తే బాగుంటుంది, పంచె, తలపాగా, వీలైతే భుజాన గొంగడి అని. గొంగడి నేసేది కురుమలు. తోలు పనికీ దానికీ ఏం సంబంధమో వాళ్లకే తెలియాలి. ఆ మెసేజ్ ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తీరా స్టాల్ దగ్గరికి పోతే వాళ్లే ఒక పంచె తెచ్చి సిద్ధంగా పెట్టారు.

పెద్దనాయిన దాన్ని చేతిలోకి తీసుకుని అంచు చూశాడు, మళ్లీ మడిచి ఇచ్చాడు. "గిట్ల పంచె కట్టుకోని దొర గడి ముంగట నిలవడ్డది మా నాయిన, బిడ్డా. నేను కట్ట."

గొడవేం కాలేదు. నవ్వేశారు. చాప మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ముప్పై మంది పిల్లలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వర్క్‌షాప్ ఫీజు తలకు 400 రూపాయలు. ఆయన మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన 'ఫెసిలిటేటర్'కు గౌరవ వేతనం ఇచ్చారు. వోచర్ల కాగితం మీద సాక్షి సంతకం నాదే గనుక నాకు తెలుసు. పెద్దనాయినకు శాలువా, మెమెంటో, రానూపోనూ బస్సు చార్జీలు. వారం తర్వాత క్లబ్బు ఫొటోలు పెట్టింది. అన్నింట్లోనూ ఆయన చేతులు మాత్రమే ఉన్నాయి. ఆరె, తోలు, వేళ్లు. ఫ్రేము మణికట్టు దగ్గర ఆగిపోయింది, తెల్ల చొక్కా అంచు పడకుండా. కింద పేరు లేదు. 'కళాకారుడి చేతులు' అని ఉంది.

ఆ కోత గురించే రాస్తున్నాను. ఒక క్లబ్బు పిల్లల అజ్ఞానంగా దీన్ని తీసేయలేను. ఈ దేశంలో డిజైన్ అనే చదువు మొదటినుంచీ ఆ మణికట్టు దగ్గరే ఫ్రేము కోస్తోంది.

1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. దాని వెనుకే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. డిజైన్ విద్యార్థి ఎవరైనా మొదటి సంవత్సరంలోనే ఆ నివేదిక పేరు వింటారు. ఈ దేశంలో తాము చూసి మెచ్చిన వస్తువులన్నిట్లోకీ వాళ్లు చెంబును పైన పెట్టారు. ఆ చెంబు రూపం ఎలా తయారై ఉంటుందని ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. ఎన్ని నీళ్లు పట్టాలి, పట్టుకునే చేయి ఎంతది, దాని బలమెంత, నెత్తిన మోస్తారా, నడుం మీద మోస్తారా, ఒంపితే ధార ఎలా పడుతుంది, ధర ఎంత, ఇంకొకరికి ఇస్తుంటే ఎలా ఉంటుంది. చక్కటి ప్రశ్నలే. నేనూ తరగతిలో మెచ్చుకున్నాను. ఆ జాబితాలో లేని ప్రశ్న ఒకటే. ఎవరి చేయి తగిలితే ఆ చెంబును పారేస్తారు?

ఆ ప్రశ్న అప్పటికి కొత్తదేం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లను అంబేద్కర్ దోసిట్లోకి తీసుకుని అడిగిన ప్రశ్న అదే. తర్వాత సవర్ణులు ఆ చెరువును కుండలతో పంచగవ్యం పోసి శుద్ధి చేసుకున్నారు. ఆ కుండలూ ఎవరో కుమ్మరి చేసినవే. వాటి రూపమూ అందంగానే ఉండి ఉంటుంది. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి కూడా డిజైనే కదా. ఒక గ్లాసు లోపల బల్ల మీద, ఒక గ్లాసు బయట చూరు కింద. వస్తువు ఎవరి చేతికి అందాలో, ఎక్కడ ఆగాలో పక్కాగా ఆలోచించి చేసిన ఏర్పాటు. డిజైన్ చరిత్ర పాఠాల్లో నాకు అది ఎక్కడా కనిపించలేదు.

చెంబు గురించి ఇంత మాట్లాడిన వాళ్లకు మా ఊరి మోట బొక్కెన చూపించాలని ఉంటుంది నాకు. కరెంటు మోటార్లు రాకముందు పొలాల బావుల్లోంచి నీళ్లు తోడింది అదే. తోలు బొక్కెన, కింద తోలు తొండం. ఎడ్లు దిగుడు బాటన పోతుంటే బొక్కెన పైకి లేస్తుంది, తొండం తాడు అందుకు తగ్గట్టు బిగుస్తుంది, అంచుకు వచ్చేసరికి నీళ్లు వాటంతటవే కాల్వలో పడతాయి. మనిషి వంగి ఒంపే పని లేదు. ఆ కుట్టు నీళ్లకు ఊడకూడదు, తోలు నానితే సాగకూడదు, ఎండితే పగలకూడదు. మా తాత కుట్టిన బొక్కెన నీళ్లతో ఊరంతా వరి పండింది. ఆ తాత ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కలేదు. ఆయన తోలు బావిలో మునిగితే అన్నానికి మైల లేదు, ఆయన చేయి చేదకు తగిలితే మాత్రం ఊరికి మైల. ఏ మ్యూజియం లేబులు మీదైనా ఈ రెండో వాక్యం కూడా రాస్తే ఆ ప్రదర్శనకు నేను టికెట్ కొని వెళ్తాను.

క్లబ్బు వేదికను నిరుడు తంగేడు పూలతో అలంకరించారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ పువ్వు, పచ్చగా బాగుంది. పెద్దనాయిన దాన్ని చూసి నవ్వాడు. ఆయనకు తంగేడు అంటే పువ్వు కాదు, చెక్క. సున్నంలో వేసి వెంట్రుక తీసిన పచ్చి తోలును సంచిలా కుట్టి, తంగేడు చెక్క నానిన నీళ్లు నింపి వేలాడదీసేవాళ్లు. ఆ చెక్కలోని టానిన్ తోలులోని కొలాజెన్‌ను పట్టుకుంటుంది, తోలు ఇక కుళ్లదు. రసాయన శాస్త్రం పేరు తెలియకముందే లందల దగ్గర ఆ శాస్త్రం నడిచింది. ఇదే పని చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థలో 1948 నుంచి చేస్తే శాస్త్రవేత్త అంటారు. మా వాడ లంద దగ్గర చేస్తే ముక్కు మూసుకుని పక్క బాట పట్టారు. పువ్వు వేదిక ఎక్కింది. చెక్క కంపు మా ఇంటిపేరుకు అంటుకుని ఉండిపోయింది.

ఇంకో స్టాల్‌లో చేర్యాల బొమ్మలు. మాస్కులు, కీచైన్లు. లేబులు మీద 'జానపద, పౌరాణిక గాథలు' అని రాశారు. చేర్యాల పటం అసలు ఎవరి కోసం గీశారు? ఒక్కో కులానికి దాని కుల పురాణం చెప్పే ఆశ్రిత కులం ఉండేది. ఆ కథకులు నకాషీ చిత్రకారులతో పటం గీయించుకుని ఊరూరా తిరిగేవాళ్లు. మాదిగలకు జాంబ పురాణం చెప్పింది డక్కలివాళ్లు. సృష్టిలో అందరికంటే ముందు పుట్టినవాడు మా జాంబవుడని, బ్రాహ్మణుడి పురాణానికి ఎదురు నిలబడి వాదించే కథ అది. ఆ వాదం మొత్తం లేబులు మీద రెండు మెత్తటి మాటలై పోయింది. పటం కీచైన్ అయింది. కథ చెప్పినవాడు ఏ స్టాల్‌లోనూ లేడు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య డక్కలి బిడ్డే. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో కట్టడం పనిలో కూలీగా కనిపించి వార్త అయ్యాడు.

ఇక్కడ మా వాళ్లనూ వదలను. డక్కలివాళ్లు మా కథ చెప్పినా మా గడప తొక్కలేదు. మా మాదిగ వాడలోనూ దూరంగానే నిలబడ్డారు. మణికట్టు దగ్గర కోయడం మాకూ వచ్చు.

మొన్న 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కొల్హాపురి చెప్పుల్లాంటివి ర్యాంప్ మీద నడిపించినప్పుడు మా క్యాంపస్‌లో ఈ క్లబ్బు పిల్లలే అందరికంటే గట్టిగా అరిచారు. భౌగోళిక గుర్తింపు 2019లోనే ఉంది, మహారాష్ట్ర, కర్ణాటకల్లో నాలుగేసి జిల్లాలకు ఆ హక్కు ఉంది అని పోస్టర్లు వేశారు. నిజమే. కానీ వాళ్ల కోపమంతా ప్రాడా 'భారత్' పేరు చెప్పలేదని. ఆ చెప్పు కుట్టే చమార్, ఢోర్, సమగార ఇళ్ల పేరు ఆ పోస్టర్లలోనూ లేదు. విదేశీయుడు ఎత్తుకుపోతే దొంగతనం, క్యాంపస్‌లో ఎత్తుకుపోతే 'ఇన్‌స్పిరేషన్'. పెద్దనాయిన కుట్టు చూసి నేర్చుకున్న ఒక అమ్మాయి తన పోర్ట్‌ఫోలియోలో దాన్ని పెట్టుకుంది. ఆమె పేరుంది, కోర్సు పేరుంది, 'గ్రామీణ కళాకారుల సహకారంతో' అని ఉంది.

ఇవన్నీ మాట్లాడితే ఒకే జవాబు వస్తుంది. "మేము చేయకపోతే ఈ కళలు చచ్చిపోతాయి అక్కా."

చచ్చిపోనివ్వండి అని ఒక్కోసారి అనాలనిపిస్తుంది. అనలేను. నా పరిశోధన ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే. అంబేద్కర్ చచ్చిన గొడ్డును మోయడం మానేయమన్నాడు, ఊరు అంటగట్టిన పని వదిలి పట్నానికి, చదువుకు పొమ్మన్నాడు. కంచ ఐలయ్య ఆ పనుల్లోనే శాస్త్రం ఉందని, వాటికి గౌరవం దక్కాలని పిల్లల కోసం పుస్తకం రాశాడు. రెండూ నాకు కావాలి. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత సురేంద్రనగర్‌లో దళితులు గొడ్డు కళేబరాలను తెచ్చి కలెక్టరేట్ ముందు పడేశారు. ఆ రోజు ఒక 'కళ' ఆగిపోయింది. నేను చూసిన హస్తకళల ప్రదర్శనలన్నిట్లోకీ అది గొప్పది. జాతీయ డిజైన్ సంస్థ ఉన్న రాష్ట్రంలోనే జరిగింది.

పెద్దనాయిన కొడుకు ఆరె పట్టలేదు. ఏసీలు రిపేరు చేస్తాడు. క్లబ్బు వాళ్లు దాన్ని 'అంతరించిపోతున్న వారసత్వం' అంటారు. మా పెద్దమ్మ దాన్ని 'పోరగాడు బాగుపడ్డడు' అంటుంది. 1953లో మద్రాసులో రాజాజీ పిల్లలకు సగం పూట బడి, సగం పూట ఇంటి పని అని పథకం తెస్తే దానికి కుల చదువు అని పేరు పెట్టి ఏడాదిలో వెనక్కి పంపారు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తుల వాళ్లకు పనిముట్లకు 15 వేలు, పూచీకత్తు లేని అప్పు ఇస్తామంటోంది. అప్పు అవసరమే, కాదనను. కానీ కుటుంబ వృత్తి అన్నది అందులో అర్హతగా కూర్చుంది. మంగలి కొడుక్కు మంగలి కత్తి, చెప్పులు కుట్టే వాడి కొడుక్కు ఆరె. డిజైన్ కోర్సుల్లో సీట్లు మాత్రం చాలా వరకు కుటుంబ వృత్తి చూసి ఇవ్వరు. అలా చూస్తే ఆ తరగతిలో ముందు కూర్చోవాల్సింది ఎవరి పిల్లలు?

ఈ ఏడు మళ్లీ మెసేజ్ వచ్చింది. థీమ్ 'వారసత్వం' అట. "అంకుల్ వస్తారా అక్కా?" పెద్దనాయినను అడిగాను.

"రెండు గంటలు మాట్లాడుమంటే వస్త. కూసోని కుట్టుమంటే రాను. కుర్సీ ఎయ్యుమను."

అదే రాసి ఇచ్చాను. లైవ్ డెమో కాదు, అతిథి ఉపన్యాసం. అంశం: మోట బొక్కెన. వచ్చే ప్రొఫెసర్లకు ఎంత ఇస్తారో అంత వేతనం. పోస్టర్ మీద పేరు, ఫొటో, ముఖంతో సహా. క్లబ్బు పిల్లలు ఒప్పుకున్నారు, ఆ మాట చెప్పాలి. పంచె సంగతికి ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చి సారీ కూడా చెప్పాడు. అడ్డం పడింది ఆఫీసు. అతిథి ఉపన్యాసం ఫారంలో 'అత్యున్నత విద్యార్హత' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉందని ఒకసారి వెనక్కి పంపారు. 'ఏడో తరగతి' అని రాస్తే ఇంకోసారి వెనక్కి పంపారు. కనీసం పీజీ ఉండాలట. లేకపోతే 'కళాకారుడు' అనే కాలమ్ కింద పెట్టుకోవచ్చు, ఆ కాలమ్‌కు బస్సు చార్జీలు, శాలువా ఉన్నాయి అని క్లర్కు దయగానే చెప్పాడు.

మూడోసారి నింపి ఇచ్చాను. ఫారం ఇంకా ఆఫీసులోనే ఉంది.